కుండీలో మొక్క నమిలేసిన కుక్కపిల్ల – పామ్ అనుకున్నాం, కాదంటున్నారు (అర్జంట్)

బంటీ_అమ్మ | శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా బంటీకి నాలుగు నెలలు, లాబ్రడార్, పోయిన వారం తూకం 11 కేజీలు. సాయంత్రం ఏడింటప్పుడు చప్పుడు లేదేంటా అని బాల్కనీలోకి వెళ్లి చూస్తే, కుండీలో పామ్ మొక్క పక్కన వచ్చిన పిలకను పీకి ముందు కాళ్ల మధ్య పెట్టుకుని నములుతున్నాడు. లాక్కునేసరికి సగమే మిగిలింది. రెండు మూడు ఆకులు కూడా కొరికేసి ఉన్నాయి.

ఎనిమిదింటికి ఒకసారి, ఎనిమిదిన్నరకి ఒకసారి వాంతి చేసుకున్నాడు. తర్వాత మామూలే. నీళ్లు తాగాడు, బంతి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. వాంతిలో పడిపోయింది కదా, రేపు పొద్దున చూపిస్తే సరిపోతుందా? మా వారు అనవసరంగా టెన్షన్ పడుతున్నావంటున్నారు.

శునకరాజు | రాత్రి 9:47

వాంతి అయింది కాబట్టి సగం గండం గడిచినట్టే అమ్మా. మిగతాది కూడా బయటికి రావాలంటే [ఈ వాక్యం తీసేశాం – నిర్వాహకుడు]. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం.

నాలుగుకాళ్లు | రాత్రి 9:51

పశువైద్యుణ్ణి, రాత్రి డ్యూటీలో ఉన్నాను. రెండు ప్రశ్నలు అడుగుతాను, ఇక్కడే జవాబివ్వండి. మొక్క మొదలు గరుకుగా, పైనాపిల్ కాయలాగా ఉందా? ఆకు చివర వేలితో నొక్కి చూడండి, సూదిలా గుచ్చుకుంటుందా?

పైన ఉప్పునీళ్లు పట్టమన్న సలహా చూశాను. ఎవరూ ఆ పని చేయొద్దు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి. మొక్క విషానికి ఉప్పు విషం తోడవుతుంది.

బంటీ_అమ్మ | రాత్రి 9:54

అవునండీ, మొదలు పైనాపిల్‌లాగే ఉంది. ఆకు గుచ్చుకుంది, వేలికి రక్తం కూడా వచ్చింది. కాడ మొదట్లో చిన్న ముళ్లున్నాయి.

నాలుగుకాళ్లు | రాత్రి 9:56

అది పామ్ కాదు, సైకస్. సాగో పామ్ అని అమ్ముతారు. ఇప్పుడే బయల్దేరండి, పొద్దుటిదాకా ఆగొద్దు. మిగిలిన పిలక ముక్క, కొరికిన ఆకు ఒక కవర్లో వేసుకోండి. వాంతి ఇంకా తుడవకపోతే కొంచెం అది కూడా. ఎన్నింటికి తిన్నాడు, వాంతి ఎన్నిసార్లు, బరువెంత – ఒక కాగితం మీద రాసుకెళ్లండి, అక్కడ కంగారులో గుర్తుండదు. ముందు ఫోన్ చేసి "సైకస్ తిన్న కుక్కపిల్లను తెస్తున్నాం" అని చెప్పండి. దారిలో పాలు, అన్నం, మందు ఏదీ నోట్లో పెట్టొద్దు.

ఇప్పుడు ఆడుకుంటున్నాడు కదా అనుకోకండి. ఈ మొక్క పద్ధతే అంత. మొదట వాంతులు, తర్వాత కాసేపు, ఒక్కోసారి రోజంతా, బాగానే ఉన్నట్టు కనిపించడం, రెండు మూడు రోజులకి లివర్ దెబ్బతినడం.

బంటీ_అమ్మ | రాత్రి 9:58

బయల్దేరుతున్నాం.

నిర్వాహకుడు | రాత్రి 10:05

ఇంట్లో కక్కించే చిట్కాలు ఈ వేదికలో పెట్టకూడదని నియమం ఉంది. ఒక వాక్యం తీసేశాం. శునకరాజు గారూ, మీరు మంచి మనసుతోనే రాశారని తెలుసు.

శునకరాజు | రాత్రి 10:11

నాకు తెలియదండీ. మా నాన్న కాలం నుంచి చేస్తున్నదే. ఇకపై చెప్పను. కానీ ఒక అనుమానం, విషం తిన్నప్పుడు కక్కించడం మంచిదే కదా? అసలు వద్దంటారా?

నాలుగుకాళ్లు | రాత్రి 10:20

మంచి ప్రశ్న. కక్కించడం మంచిదే, అయితే ఎవరు, ఎప్పుడు, దేంతో అన్నది చూడాలి. తిన్న రెండు గంటల్లోపు అయితే బాగా పనికొస్తుంది. ఆ తర్వాత పొట్టలోంచి పేగుల్లోకి దిగిపోతుంది. మా దగ్గర కుక్కలకి ఇంజెక్షన్ ఉంటుంది, నిమిషాల్లో కక్కుతాయి. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా, నిలబడలేకపోతున్నా కక్కించకూడదు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఈ ప్రమాదం మామూలుగానే ఎక్కువ. గొంతులో వేలు పెట్టడం అయితే అసలు వద్దు, వేలూ పోతుంది, గొంతూ చీరుకుపోతుంది.

తూనీగ | రాత్రి 10:26

బంటీ సంగతి తెలిసేదాకా నిద్ర పట్టదు నాకు. మాదీ ఇలాంటిదే ఒక కథ ఉంది, కాస్త తేలికైనది.

మా పింకీ మూడు నెలలప్పుడు డైఫెన్‌బేకియా ఆకు కొరికింది. వెంటనే నోరు తెరిచి, తల విదిలిస్తూ, రెండు ముందు కాళ్లతో మూతిని గీరుకుంటూ గదంతా తిరిగింది. చొంగ తాడులా వేలాడుతోంది. ఫిట్స్ అనుకుని ఏడ్చేశాను. డాక్టరుగారు ఫోన్లోనే నోరు నీళ్లతో మెల్లగా కడగమన్నారు, రెండు చెంచాల పెరుగు నాకించమన్నారు, ఊపిరి ఆడటం కష్టమైతే తీసుకురమ్మన్నారు. మూడు గంటల్లో తగ్గిపోయింది. అప్పటినుంచి ఆ మొక్క వైపు కూడా చూడదు.

నాలుగుకాళ్లు | రాత్రి 10:38

అది వేరే జాతి గొడవ. డైఫెన్‌బేకియా, మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, పీస్ లిల్లీ, కలేడియం, చేమ – వీటన్నిటి కణాల్లో కంటికి కనబడని సూదుల కట్టలుంటాయి. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కొరకగానే నోట్లో, నాలుకలో గుచ్చుకుంటాయి. చేమదుంప చేతికి దురద పెట్టేది ఎందుకనుకున్నారు, అదే సూది. మంట వెంటనే మొదలవుతుంది కాబట్టి ఏ కుక్కా రెండో ముక్క తినదు. అందుకే చూడటానికి భయంకరంగా ఉన్నా ప్రాణం మీదికి రావడం అరుదు. గొంతు వాస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

సైకస్‌తో తంటా ఏంటంటే, దానికి ఆ మంట లేదు. కుక్కపిల్లలకి నమలడానికి బాగుంటుంది కూడా.

రెండుతోకలు | రాత్రి 10:44

పీస్ లిల్లీ అంటే గుర్తొచ్చింది. లిల్లీలు ఇంట్లో ఉంటే కిడ్నీలు పోతాయని చదివి అన్నీ తీసేశాను. మరి పీస్ లిల్లీకి వట్టి నోటి మంటేనా?

నాలుగుకాళ్లు | రాత్రి 10:49

పీస్ లిల్లీ పేరుకే లిల్లీ. కిడ్నీలు పాడుచేసేవి అసలైన లిల్లీలు, డే లిల్లీలు, అదీ పిల్లుల్లో. పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా పిల్లికి ప్రమాదమే. కుక్కలకైతే వాటితో కడుపు చెడుతుంది, అంతే. మీ ఇంట్లో కుక్కా, పిల్లీ రెండూ ఉన్నాయి కాబట్టి మీరు తీసేయడం సరైన పనే. అయితే లిల్లీ పేరున్న ఇంకో రెండు కుక్కకీ చెడ్డవే. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుండెను పట్టుకుంటుంది. ఫ్లేమ్ లిల్లీ, అదే మన అడవినాభి, దాని దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, అది సైకస్‌కి ఏమాత్రం తీసిపోదు.

పేరును నమ్మకండి అని అందరికీ చెప్తుంటాను. అరెకా పామ్ కుక్కలకి ఏమీ చేయదు. సాగో పామ్ చంపుతుంది. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. సైకస్ అసలు తాటి జాతే కాదు, పూలు పూయని అతి పాత మొక్కల కుటుంబం.

మిద్దెతోట | రాత్రి 10:57

ఆ రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదండీ, నేను రెండూ పెంచాను (సైకస్ ఇప్పుడు లేదు). అరెకాకి ఒకే కుండీలోంచి సన్నటి కాడలు నాలుగైదు లేస్తాయి, పసుపు ఛాయలో నున్నగా, వెదురులా కణుపులు కనిపిస్తాయి. ఆకు మెత్తగా వాలి ఉంటుంది. సైకస్‌కి ఒకటే మోడు, గరుకుగా ఉంటుంది, దాని నెత్తిమీద కిరీటంలా ఆకులు. కొత్త ఆకు వచ్చేటప్పుడు ఈనెలన్నీ లోపలికి చుట్టుకుని ఉంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. ముదిరాక ప్రతి ఈనె చివరా సూదే. పక్కన ఉల్లిగడ్డంత పిలకలు వస్తాయి, కుక్కపిల్ల నోటికి సరిగ్గా బంతిలా అమరుతాయి. ఆడ మొక్క పెద్దదైతే నారింజ రంగు గింజలు కాస్తుంది.

నాలుగుకాళ్లు | రాత్రి 11:02

గింజలన్నిటికంటే చెడ్డవి. ఒకటి రెండు గింజలతో కుక్క పోయిన కేసులున్నాయి. అయితే ఆకు, మోడు, వేరు, పిలక ఏదీ మంచిది కాదు. సైకసిన్ అనే పదార్థం పేగుల్లోని బాక్టీరియా వల్ల విడిపోయి అసలు విషంగా మారుతుంది, అక్కణ్ణుంచి లివర్‌కి చేరుతుంది. అందుకే కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధే మనకున్న అవకాశం.

గడ్డిపరక | రాత్రి 11:15

క్షమించాలి, కాస్త ఎదురు మాట్లాడతాను. వీధి కుక్కలు ఇన్ని మొక్కల మధ్య తిరుగుతాయి, వాటికేమీ కాదు. కుక్కకి వాసన చూసి తినాలో వద్దో తెలుసు, ప్రకృతి ఇచ్చింది. గడ్డి తిని తమకి తామే వాంతి చేసుకుంటాయి కూడా. ఇలా ప్రతి మొక్కకీ భయపడితే ఇంట్లో ప్లాస్టిక్ పూలే మిగులుతాయి.

పాతకాపు | రాత్రి 11:31

గడ్డిపరక గారూ, మీలాగే అనుకునేవాణ్ణి. మూడు కుక్కల్ని పెంచాను, ముప్పై ఏళ్ల అనుభవం, నాకు ఎవరు చెప్తారు అన్న ధీమా.

మా రాజాకి కట్టె విసిరితే తెచ్చే ఆట ప్రాణం. ఒక రోజు దారి పక్కన గన్నేరు చెట్టు కొట్టి కొమ్మలు కుప్ప పోశారు. జానెడు కొమ్మ తీసి విసిరాను. నేనే విసిరాను, ఎవరినీ అనడానికి లేదు. వాడు తెచ్చాడు, మళ్లీ విసిరాను. నాలుగోసారి తీసుకురాకుండా పడుకుని బెరడు ఒలుచుకుంటూ నమిలాడు. ఎండు కొమ్మే కదా అని ఊరుకున్నాను. రెండు గంటలకి వాంతులు, కడుపు నొప్పితో వీపు వంచి నిలబడటం. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె కొట్టుకోవడం... ఎలా చెప్పాలి, ఒకటి, రెండు, ఆగుతోంది. ఇంకో రెండు, ఆగుతోంది. కుక్క గుండె ఊపిరితో పాటు కాస్త అటూ ఇటూ కొట్టుకుంటుందని తెలుసు, ఇది అది కాదు.

రెండు రోజులు ఈసీజీ పెట్టి ఉంచారు. బతికాడు, ఇంకో అయిదేళ్లు ఉన్నాడు. వాసన చూసి తెలుసుకునేవాడే అయితే అసలు నోట్లో పెట్టుకునేవాడు కాదు.

నాలుగుకాళ్లు | రాత్రి 11:40

గన్నేరు ఎండినా విషం తగ్గదు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, పచ్చ గన్నేరు అన్నీ ఒకే తీరు. గుండె కండరం కణాల్లో సోడియం, పొటాషియం మారే పంపు ఒకటుంటుంది, దాన్ని ఆపేస్తాయి. గుండె జబ్బుకి వాడే డిగాక్సిన్ మందు పనితీరే, కొలత లేకుండా. కుండీల్లో పెంచే ఎడారి గులాబీ, అడీనియం, దానికీ ఇదే గుణం. బోన్సాయిలా ముచ్చటగా ఉంటుందని నేల మీదే పెడతారు, కుక్క మూతి ఎత్తులో.

గడ్డిపరక గారి మాటలో కొంత నిజం ఉంది. గడ్డి తినడం కుక్కలకి మామూలే, చాలా కుక్కలు గడ్డి తిని వాంతి కూడా చేసుకోవు. ఎదిగిన వీధి కుక్కకి తిరగడానికి చోటుంది, చేయడానికి పనుంది. బాల్కనీలో ఒంటరిగా ఉన్న నాలుగు నెలల పిల్లకి ఆ రెండూ లేవు, పైగా నోటినిండా దురద. ఆ వయసులో పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, ఆరేడు నెలలు వచ్చేదాకా ఏది దొరికితే అది నములుతాయి. బరువు తక్కువ కాబట్టి అదే ముక్క పెద్ద కుక్క కంటే దానికి ఎన్నో రెట్లు. ఇక వీధి కుక్కలకి ఏమీ కాదన్నది మనం లెక్క పెట్టినప్పటి మాట. ఎవరు లెక్క పెట్టారు?

గడ్డిపరక | రాత్రి 11:52

చివరి మాట ఒప్పుకుంటాను. గన్నేరు మా గేటు పక్కనే ఉంది. పడుకోబోయేవాణ్ణి, టార్చి వేసుకుని వెళ్లి చూసొచ్చాను. కింద రాలిన ఆకులు చాలానే ఉన్నాయి.

మిద్దెతోట | ఆదివారం, రాత్రి 12:08

మొక్కలు పెంచేవాళ్లకి ఒకటి చెప్పాలి. ఆముదం మొక్క ప్రమాదమని చాలామందికి తెలుసు. ఆముదం పిండి సంగతి తెలియదు. నూనె తీశాక మిగిలే చెక్కను ఎరువుగా అమ్ముతారు కదా, దాన్ని ఎముకల పొడితో కలిపి గులాబీలకి వేశాను. మా సింబా రాత్రికి రాత్రి రెండు కుండీలు తవ్వేశాడు. ఎముకల వాసనకి ఏ కుక్కయినా వస్తుంది, నేను పిలిచి పెట్టినట్టే అయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. తర్వాత మొదలైన విరేచనాలు సాయంత్రానికి రక్తంగా మారాయి. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. సంచి మీద కుక్క బొమ్మ గానీ హెచ్చరిక గానీ లేదు. ఇప్పుడు పశువుల ఎరువు, వేప పిండి తప్ప ఏమీ వాడను, అవి కూడా లోతుగా కప్పెడతాను.

నాలుగుకాళ్లు | ఆదివారం, రాత్రి 12:19

రైసిన్, ఆముదం గింజల్లో ఉండే విషం. బాగా వేడి చేసిన పిండిలో అది చచ్చిపోతుంది, కానీ చేతిలో ఉన్న సంచిని వేడి చేశారో లేదో మనకి తెలియదు. నూనెలోకి అది దిగదు, అందుకే ఆముదం నూనె వేరే సంగతి. గింజ పూర్తిగా మింగేస్తే ఒక్కోసారి పెంకు పగలకుండా అలాగే బయటికి వచ్చేస్తుంది, నమిలితే విషం బయటపడుతుంది. గురివింద గింజకీ ఇదే సూత్రం, దాని పెంకు ఇంకా గట్టిది. మింగాడా, నమిలాడా అని డాక్టరు అడిగేది అందుకే. ఎముకల పొడి ఎక్కువ తింటే పొట్టలో సిమెంటులా గడ్డకడుతుంది, అది ఇంకో తలనొప్పి.

తూనీగ | ఆదివారం, రాత్రి 12:31

ఇవన్నీ వింటుంటే బాల్కనీ మొత్తం ఖాళీ చేయాలనిపిస్తోంది. నా దగ్గర కలబంద, రణపాల, స్నేక్ ప్లాంట్, ఉమ్మెత్త (దానంతట అదే మొలిచింది), గులాబీలు, స్పైడర్ ప్లాంట్, మల్లె, పాయిన్‌సెట్టియా ఉన్నాయి. ఏది ఉంచను, ఏది తీయను?

నాలుగుకాళ్లు | ఆదివారం, రాత్రి 12:47

ఉమ్మెత్త ముందు తీసేయండి. తింటే కనుపాపలు పెద్దవై, నోరు ఎండిపోయి, ఒళ్లు కాలిపోతూ, లేనిదేదో చూసినట్టు గాల్లోకి మొరుగుతుంది. రణపాల గుండె మీద పనిచేసే జాతి, ముఖ్యంగా పూలు. ఒక ఆకుతో సాధారణంగా కడుపు చెడటమే గానీ, పిల్లకి అందకుండా పైకి ఎక్కించండి. కలబందలో లోపలి గుజ్జు కాదు, తోలు కింద కారే పసుపు పసరు విరేచనాలు పెడుతుంది. స్నేక్ ప్లాంట్‌తో ఒకటి రెండు వాంతులు. పాయిన్‌సెట్టియాకి లేనిపోని చెడ్డపేరు, దాని పాలు నోటికి, కడుపుకి చిరాకు పెడతాయి, అంతకు మించి భయం లేదు. గులాబీ, మల్లె, స్పైడర్ ప్లాంట్ హాయిగా ఉంచుకోండి. గులాబీ ముల్లు గుచ్చుకుంటే నన్ను తిట్టొద్దు.

జాబితాలు చూసి భయపడేవాళ్లకి ఇదే నా మాట. "విషపూరితం" అన్న ఒకే మాట కింద పాయిన్‌సెట్టియానీ సైకస్‌నీ పక్కపక్కన రాస్తారు. దాంతో ఒకసారి భయపడి ఏమీ కాకపోతే, రెండోసారి నిజంగా భయపడాల్సినప్పుడు ఊరుకుంటారు.

రెండుతోకలు | ఆదివారం, రాత్రి 12:55

ఎస్టర్‌డే టుడే టుమారో అని ఒక పూల మొక్క ఉంటుంది, ఊదా రంగులో పూసి, లేతబడి, మూడో రోజుకి తెల్లగా అవుతుంది. అది?

నాలుగుకాళ్లు | ఆదివారం, రాత్రి 1:01

బ్రన్‌ఫెల్సియా. కుక్కకి అందే చోట ఉండకూడదు. కాయలంటే కొన్ని కుక్కలకి పిచ్చి, వెతుక్కుని మరీ తింటాయి. వణుకు, కాళ్లు బిగుసుకుపోవడం, ఫిట్స్. ఎవరో కావాలని విషం పెట్టారని పక్కింటివాళ్లతో గొడవపడ్డవాళ్లు కూడా ఉన్నారు, తీరా చూస్తే పెరట్లో పొద.

బంటీ_అమ్మ | ఆదివారం, రాత్రి 1:23

ఇప్పుడే కూర్చున్నాను. మేం వెళ్లేసరికి మూడు గంటలు దాటింది, అయినా ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. ముక్కలు ఇంకా పడ్డాయి! బొటనవేలంత ముక్క ఒకటి అసలు నలగనే లేదు. తర్వాత బొగ్గు మందు పట్టారు, కొంత తాగాడు, కొంత మా వారి తెల్ల చొక్కా మీద కక్కాడు. సెలైన్ పెట్టి ఉంచేసుకున్నారు. రక్తం తీశారు, లివర్ రిపోర్టు నార్మల్, ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేదట) 42. హమ్మయ్య అంటే ఆ అమ్మాయి డాక్టరు "ఈ రోజు నార్మల్ ఉండటం మామూలే, ఎల్లుండి చూడాలి" అంది.

మేం వచ్చేస్తుంటే గాజు తలుపు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మొరగలేదు. మూతంతా నల్లగా ఉంది.

నాలుగుకాళ్లు | ఆదివారం, రాత్రి 1:30

ఆ నలగని ముక్క బయటికి రావడం చాలా పెద్ద విషయం. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. రేపు మలం తారులా నల్లగా వస్తుంది, అది బొగ్గు వల్ల, కంగారుపడొద్దు. ఇంటికి పంపాక మాత్రం బొగ్గు మందు లేకుండా నల్లగా వస్తే చెప్పాలి. చిగుళ్లు, కళ్ల తెల్లగుడ్డు పచ్చబడుతున్నాయేమో చూడమనండి. పడుకోండి ఇక.

పాతకాపు | ఆదివారం, ఉదయం 6:10

చిగుళ్లు చూడటం అందరూ నేర్చుకోవాలి. పై పెదవి ఎత్తి, పన్ను పైన వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. కుక్క బాగున్నప్పుడే రోజూ చూసి పెట్టుకోండి, లేకపోతే బాగాలేనప్పుడు తేడా తెలియదు. కొన్ని కుక్కలకి చిగుళ్లే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూడాలి.

తూనీగ | ఆదివారం, ఉదయం 9:05

ఆలస్యంగా బయటపడేది సైకస్ ఒక్కటేనా?

నాలుగుకాళ్లు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

కాదు. పెరట్లో ఉల్లి, వెల్లుల్లి వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి. కుక్క తవ్వి తింటే ఆ రోజు కడుపు నొప్పి తప్ప ఏమీ ఉండదు. ఎర్ర రక్తకణాలు పగలడం తర్వాతి కొన్ని రోజుల్లో జరుగుతుంది, అప్పుడు చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. కుక్క బరువులో ప్రతి కేజీకి 15 గ్రాముల ఉల్లి చాలు. వండినా, ఎండబెట్టినా అంతే.

ద్రాక్ష కిడ్నీలని పట్టుకుంటుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో. ఒక కుక్క గుత్తి తిన్నా ఏమీ కాదు, ఇంకోదానికి నాలుగు కాయలు చాలు. ఎందుకిలా అని ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. 2021లో అమెరికాలోని జంతు విషాల కేంద్రం వైద్యులు టార్టారిక్ ఆమ్లం వల్ల కావచ్చని రాశారు. కాయ రకాన్ని, పక్వాన్ని బట్టి అది మారుతుంది కాబట్టి లెక్క కుదురుతోంది.

బంటీ_అమ్మ | సోమవారం, రాత్రి 8:15

ఏఎల్‌టీ 610.

ఉదయం నుంచి తిండి ముట్టలేదు. గ్లూకోజ్, లివర్‌కి మందులు, విటమిన్ కె ఇస్తున్నారు. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే కాస్త ఎక్కువ సేపు పట్టిందట గానీ ప్రమాదం గీత దాటలేదన్నారు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే తోక ఒకసారి నేలకేసి కొట్టాడు. ఒక్కసారే.

శనివారం రాత్రి మేం పడుకుని ఉంటే? అదే ఆలోచన వస్తోంది మాటిమాటికీ.

పాతకాపు | సోమవారం, రాత్రి 8:22

పడుకోలేదు కదమ్మా. అదొక్కటే చూసుకో.

నాలుగుకాళ్లు | సోమవారం, రాత్రి 9:10

మూడో రోజే సాధారణంగా ఎక్కువ ఉండేది. ఒక్క అంకె చూసి నిర్ణయించలేం. రక్తం గడ్డకడుతోంది, గ్లూకోజ్ నిలబడుతోంది, ఫిట్స్ లేవు, ఈ మూడూ మంచి గుర్తులు. బుధ, గురువారాల్లో దిగడం మొదలైతే చాలు. నేను మాట ఇవ్వలేను, ఈ మొక్కతో చికిత్స అందినా పోయినవి చాలా ఉన్నాయి. కానీ బంటీ వైపు ఉన్నవి తక్కువేమీ కాదు.

బంటీ_అమ్మ | గురువారం, సాయంత్రం 6:48

390!! ఈ రోజు పొద్దున గిన్నె నాకాడు. మధ్యాహ్నం నర్సు చెప్పు లాక్కుని గది మూలకి వెళ్లాడట. ఆవిడ వీడియో పంపింది, పదిసార్లు చూశాం.

శునకరాజు | గురువారం, సాయంత్రం 7:02

చెప్పు లాక్కున్నాడంటే బాగున్నట్టే. మనసు కుదుటపడింది తల్లీ.

బంటీ_అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం

ఆలస్యంగా రాస్తున్నాను. బంటీ ఇంటికి వచ్చి పదిహేను రోజులు దాటింది. నిన్న ఏఎల్‌టీ 84, డాక్టరు మందులు ఆపేశారు, నెల తర్వాత ఇంకోసారి రక్తపరీక్ష. సన్నబడ్డాడు గానీ ఆకలి మామూలుగా లేదు.

మొక్కను మా వారు గ్లవ్స్ వేసుకుని మోడుతో సహా తవ్వారు. వేళ్ల ముక్కలు మట్టిలో ఉండిపోయాయేమోనని కుండీ మట్టి కూడా పారేశాం. కొన్నప్పుడు దానికి కట్టిన చీటీ దొరికింది, "పామ్, ఇంట్లో పెట్టుకోవచ్చు, నీళ్లు తక్కువ" అని ఉంది. అబద్ధం అనలేను, కుక్క ఉన్న ఇంట్లో అని రాయలేదు కదా.

బాల్కనీకి జాలీ తలుపు పెట్టించాం. ఇప్పుడు ఆ తలుపు చెక్క నములుతున్నాడు.

వానచినుకు | అదే రోజు, రాత్రి 10:14

కొత్తగా చేరాను. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది, మొత్తం చదివాను. మాకు రెండు నెలల పప్పీ వచ్చే వారం వస్తోంది. హాల్లో మూల ఒక పామ్ ఉంది, నాలుగేళ్లుగా ఉంది, మేమెప్పుడూ పట్టించుకోలేదు. మోడు గుండ్రంగా, గరుకుగా ఉంది. ఇది అదేనా?

మిద్దెతోట | రాత్రి 10:20

ఆకు చివర వేలితో నొక్కి చూశారా?

వానచినుకు | రాత్రి 10:21

ఇప్పుడే చూశాను. గుచ్చుకుంది.